రెండోసారి బోల్తా పడ్డ ట్రాలీ

ఎల్లారెడ్డి దగ్గర మా తండా
12 జూన్ 2011

తారా,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అనుకోకు. మా తండాలో సిగ్నల్ ఒక్క బండ మీదే వస్తుంది. ఎవరు ఆ బండ ఎక్కినా మిగతావాళ్లు కింద చేరి వింటారు. నేను చెప్పాల్సింది బండెక్కి అరిచే సంగతి కాదు.

మా దేవీసింగ్ అన్న గురించి. ఏటా దసరా తర్వాత చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర పోతాడని నీకు తెలుసు. ఈ ఫిబ్రవరిలో అక్కడ చెరుకు ట్రాలీ బోల్తా పడి రూప్లా చనిపోయాడు. రూప్లా మా తండావాడే. అన్నకు చిన్నప్పటినుంచి జత. ఇద్దరూ ఆ ట్రాలీ మీదే కూర్చున్నారు. గడల కింద నుంచి అతన్ని బయటికి తీసింది కూడా అన్నే. శవంతో తిరిగొచ్చినప్పుడు మామూలుగానే ఉన్నాడు. ఏడవలేదు. గట్టివాడని అందరూ మెచ్చుకున్నారు.

ఉగాది తర్వాత నిద్రపోవడం మానేశాడు. ఇప్పుడు గోడవైపు తిరిగి రూప్లాతో మాట్లాడుతున్నాడు. మధ్యలో ఆగుతాడు, అవతలివాడు చెప్పేది వింటున్నట్టు. ఒక్కోసారి నవ్వుతాడు. రొట్టె పెడితే సగం తుంచి పక్కన పెడతాడు.

నిన్న మా తండా పెద్ద భీమ్‌సింగ్ వచ్చాడు. (మా ఇంట్లో లంబాడీలో అనుకున్నవి నీకు తెలుగులో రాస్తున్నాను.)

"నేను టీవీల సూసిన బిడ్డా. ఆ సిన్మల హీరోకు గిట్లనే అయితది. డాక్టర్ ఏమంటడు? ఏది సూసి మతి పోయిందో అదే మళ్ల సూపియ్యాలె అంటడు. సూపిస్తరు. ఒక్క కేక ఏసి కింద పడ్తడు. లేసి 'అమ్మా' అంటడు. ఖతం, బాగైతడు."

బాపు నావైపు తిరిగాడు. "భూమీ, నువ్వు సదువుకున్నవ్. గట్ల అయితదా?"

తండాలో డిగ్రీ దాకా పోయినదాన్ని నేనొక్కదాన్నే. అందరూ నా నోరు చూస్తున్నారు. మనం మూడేళ్లు చదివినదాంట్లో మనసు జబ్బు గురించి ఒక్క పాఠం లేదు. కానీ తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. అట్లాంటి సినిమాలు నేనూ చూశాను, నువ్వూ చూశావు. ఒకటి కాదు, ఎన్నో. అన్నీ కలిసి అబద్ధం ఎట్లా చెబుతాయి?

"కావచ్చు" అన్నాను. మా అమ్మ, మేము యాడి అంటాం కదా, ఆ మాటకే కళ్లు తుడుచుకుని పొయ్యి దగ్గరికి పోయింది.

నేను అన్నది సరైనదేనా తారా? నువ్వు టౌన్‌లో ఉన్నదానివి.

నీ
భూమిక


కామారెడ్డి
17 జూన్ 2011

భూమీ,

వద్దు. ముందు ఆ ఒక్కమాట రాసి మిగతాది తర్వాత రాస్తున్నాను. వద్దు.

సినిమాలో నటుడు కేక వేసి పడిపోతే డైరెక్టర్ ఆపమంటాడు, అతను లేచి చాయ్ తాగుతాడు. మీ అన్నకు ఆపమని చెప్పేవాళ్లు ఎవరు?

నిజామాబాద్‌లో మనసు జబ్బులు చూసే డాక్టర్ ఉన్నాడు. మంగళవారం పొద్దున్నే పోయి చిట్టీ రాయించుకోవాలి, ఆలస్యమైతే మధ్యాహ్నం దాటుతుంది. గోలీలు ఇస్తాడు. మొదట్లో నోరు ఎండుతుంది, చేతులు వణుకుతాయి, పగలంతా నిద్ర వస్తుంది. చూసి భయపడి ఆపొద్దు. ఎప్పుడు తగ్గుతుందో ఒక తేదీ అని ఉండదు. ఇదంతా మా పెద్దమ్మ కూతురికి అయినప్పుడు చూశాను.

అమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ "ఎవలికే గంత పెద్ద జాబు? కలెక్టర్‌కా?" అంటోంది. నేను కూర్చున్నంతసేపు నా వంతు ఆకు ఎండిపోతోందని ఆమె బాధ. ఉంటాను. మీ బాపును నువ్వే ఆపాలి. నీ మాట వింటాడు.

తార


తండా
24 జూన్ 2011

తారా,

నీ ఉత్తరం ఇరవై రెండున అందింది. మేము ఇరవైనాడే చేసేశాం.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎల్లారెడ్డి నుంచి యాకూబు ట్రాక్టర్ తెచ్చాడు. "ట్రాలీ వంచుత గని పూర్తిగ తిప్ప. అది ఇరిగితే నాకు పిచ్చి లేస్తది. అప్పుడు నన్నెవలు బాగు జేస్తరు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ కాలంలో చెరుకు ఎక్కడిది? జొన్న సొప్ప నింపారు. చెరువు కట్ట పక్క వాలులో ట్రాలీ వంచి, సొప్ప కింద పోశారు.

ఆ కింద ఎవరు పడుకోవాలి? వయసు పిల్లలందరూ వెనక్కి జరిగారు. చనిపోయినవాడి వేషం ఎవరికి కావాలి? "నా కొడుకు కోసం నేను పంట" అని బాపు పడుకున్నాడు. యాడి ఒప్పుకోలేదు. "పానంతోటి ఉన్న మనిషి మీద సొప్ప కప్పుడేంది" అని భీమ్‌సింగ్‌ను తిట్టింది. ఆయన "గదే మందు" అన్నాడు. రూప్లా తల్లి జమ్లి అవ్వ మాత్రం తలుపు వేసుకుని ఇంట్లోనే ఉంది.

అన్నను తీసుకొచ్చారు. చుట్టూ మేమంతా నిలబడ్డాం, సినిమాలో లాగే గుండ్రంగా. "ఇగ కేక ఏస్తడు సూడు" అని భీమ్‌సింగ్ నా చెవిలో అన్నాడు.

అన్న కేక వేయలేదు. ట్రాలీని చూశాడు. మెల్లగా వచ్చి కూర్చుని, సొప్ప ఒక్కొక్క పిడికెడు తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. తొందర లేదు. కొసలు ఒకవైపు, మొదళ్లు ఒకవైపు, కట్ట కట్టడానికి పేర్చినట్టు. ఎంతసేపు తీశాడో తెలియదు. బాపు ముఖం బయటపడింది. కళ్లు మూసుకోవాలని ఆయనకు ముందే చెప్పారు, కానీ తెరిచాడు.

"నువ్వు గూడ సచ్చినవా బాపు?" అన్నాడు అన్న. తిన్నవా అని అడిగినంత మామూలుగా.

లేచి అడవివైపు పోయాడు. మరునాడు పొద్దుగూకే వేళకు దొరికాడు, పాదాలు చీరుకుపోయి.

ఇప్పుడు గోడతో మాట్లాడేటప్పుడు రూప్లాతో పాటు బాపుతో కూడా మాట్లాడుతున్నాడు. బాపు ఎదురుగా కూర్చుని "నేను ఈడున్న కొడుకా, ఇగో నా చెయ్యి" అంటే, ఆ చేతిని దాటి గోడను చూస్తాడు. యాడి బాపు కూర్చునే చోట రోజూ పసుపు నీళ్లు చల్లుతోంది. ఏం చేయాలో తెలియక చల్లుతోంది.

నన్నెవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

భూమిక


కామారెడ్డి
28 జూన్ 2011

భూమీ,

వచ్చే మంగళవారం పొద్దున ఆరింటికి కామారెడ్డి బస్టాండులో ఉంటాను. అన్ననూ బాపునూ తీసుకుని మొదటి బస్సుకు రా. నిజామాబాద్ దాకా నేను వస్తాను. అన్న దిగనంటే బతిమాలకు, పక్కన కూర్చో చాలు.

తార


తండా
9 జూలై 2011

తారా,

గోలీలు మొదలుపెట్టాం. నువ్వు చెప్పినట్టే పగలంతా నిద్రపోతున్నాడు. మూడు నెలల నిద్ర బాకీ ఉన్నట్టు. యాడి గంటకోసారి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది.

బాపు ఇప్పటికీ ఆ డాక్టర్ ముచ్చటే చెబుతున్నాడు. "తలకు కరెంటు పెడ్తరా సారూ?" అని అడిగితే ఆయన "ఏ సిన్మ సూసినవ్ పెద్దాయనా?" అన్నాడు కదా. బాపు నిజంగానే ఆలోచించి, పేరు యాదికి లేదని చెప్పాడు. అప్పుడు నవ్వింది నువ్వొక్కదానివే.

ఇంకో మాట. రాయాలా వద్దా అని రెండు రోజులు చూశాను. చిట్టీల దగ్గర ఊడ్చే పోచవ్వ నీతో "ఏం తారమ్మా, ఈసారి మీ అమ్మ శాంతవ్వ రాలేదా? మస్తు చిక్కినవ్" అంది. నువ్వు చిట్టీ వైపే చూస్తూ నిలబడ్డావు. నాకు వినబడలేదనుకున్నావేమో.

మీ పెద్దమ్మ కూతురి గురించి హాస్టల్లో మూడేళ్లు ఒక్కసారి కూడా చెప్పలేదు నువ్వు.

ఆ రోజునుంచి నాకు హాస్టల్ డే గుర్తొస్తోంది. నేను పిచ్చిదాని వేషం వేశాను. సినిమాలో చూసినట్టే జుట్టు విరబోసుకుని, చీర కొంగు ఈడ్చుకుంటూ, పగలబడి నవ్వాను. నాకు మొదటి బహుమతి వచ్చింది. నా జుట్టు విరబోసి చిక్కులు వేసింది నువ్వే. "ఇంకొంచెం, ఇంకొంచెం" అని నేనే అడిగాను.

అడగకూడనిది అడుగుతున్నానేమో. జవాబు రాయకపోయినా ఉత్తరం మాత్రం రాయి.

భూమిక


కామారెడ్డి
18 జూలై 2011

భూమీ,

మా పెద్దమ్మకు కూతుళ్లే లేరు. ఇద్దరూ కొడుకులే.

ఇంటర్ రెండో ఏడులో తొమ్మిది రోజులు నిద్రపోలేదు నేను. నా లోపల పరీక్ష పేపరు మొత్తం ఎవరో చదువుతున్నట్టు ఉండేది. అది అందరికీ చెప్పాలని పొద్దున్నే గల్లీలో ఇంటింటికీ పోయి తలుపు కొట్టాను. నాన్న నన్ను భుజం మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు. అదొక్కటే నాకు స్పష్టంగా గుర్తుంది, నాన్న చొక్కాకు ఉన్న తంబాకు వాసన. తర్వాత ఆరు నెలలు మందంగా గడిచాయి. అప్పటినుంచి గోలీ వేసుకుంటున్నాను. హాస్టల్లో మీరంతా రక్తం పట్టే గోలీలు అనుకున్నవి అవే.

నీ వేషం రోజు నాకు కోపం రాలేదు. నిజం చెబుతున్నాను. నాకు వింతగా అనిపించింది. ఇదేనా నేను, అనుకున్నాను. అద్దంలో ఎప్పుడూ నాకు ఆ మనిషి కనబడలేదు. అప్పటినుంచి సినిమాల్లో వెతికాను. ఒక సినిమాలో ఆమె మీదికి దయ్యం వచ్చింది. ఒకదాంట్లో పక్కవాళ్లను కొరికి నవ్వించింది. ఒకదాంట్లో హీరో పాట పాడగానే బాగై, మరో పాటలో పెళ్లి చేసుకుంది. గోలీ వేసుకుని, గిన్నెలు తోముకుని, పొద్దున కాలేజీకి పోయేది ఎక్కడా కనబడలేదు. అంటే నాకు తగ్గినట్టా, తగ్గనట్టా? డాక్టర్‌ను అడిగితే "నువ్వేమనుకుంటున్నవ్?" అన్నాడు. తెలిస్తే ఎందుకు అడుగుతాను?

నేను గట్టిగా నవ్వితే అమ్మ చెయ్యి ఇప్పటికీ బీడీ మీద ఆగిపోతుంది. నా ముఖం చూసి మళ్లీ చుడుతుంది. అందుకే ఇంట్లో చిన్నగా నవ్వడం నేర్చుకున్నాను.

సంబంధాలు చూస్తున్నారు. ఎవరికీ చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది. నీకు రాశాను. ఇది చదివి చింపెయ్యి.

తార


తండా
11 అక్టోబర్ 2011

తారా,

నీ ఉత్తరం చింపాను. చింపేముందు మూడుసార్లు చదివాను. దాని గురించి ఇంకేం రాయాలో తెలియక ఇన్నాళ్లు రాయలేదు. నీకు కోపం వచ్చి ఉంటే తిట్టు.

ఆగస్టు చివర్లో ఒకరోజు అన్న గోడ దగ్గరినుంచి తిరిగి "బాపూ, బీడి ఉన్నదా?" అన్నాడు. బాపు జేబు తడుముకోవడం మరిచి ఏడ్చాడు. యాడి తండా అంతా బెల్లం పంచింది. "ఖతం, బాగైండు" అని భీమ్‌సింగ్ చెప్పాడు. ఆయన సినిమా అక్కడ అయిపోయింది. మరునాడు అన్న ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ తర్వాతి రోజు మేకలకు మండలు కొట్టుకొచ్చాడు. ఇంకోరోజు అన్నం పళ్లెం విసిరాడు, కూరలో ఉప్పెక్కువైందని. ఉప్పు నిజంగానే ఎక్కువైంది. అయినా ఇది కోపమా, జబ్బా అని మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. "గట్ల సూడకుండ్రి!" అని అరిచాడు.

దసరా ముందు గోలీ వద్దన్నాడు. నోట్లో వేసుకుని, దొడ్డివైపు పోయి ఉమ్మేస్తున్నాడు. బతిమాలాం, ఏడ్చాం. తెలంగాణ సమ్మె వల్ల బస్సులు లేవు, డాక్టర్ దగ్గరికి పోలేం. చివరికి నేనే గోలీ దంచి పప్పులో కలిపాను. నాలుగు రోజులు తిన్నాడు. ఐదోరోజు గిన్నె అడుగున తెల్లపొడి చూశాడు. వేలితో తీసి నాకు చూపించాడు.

ఆరోజునుంచి ఇంట్లో వండింది ముట్టడం లేదు. చెట్టెక్కి తానే కోసుకున్న సీతాఫలాలు తిని, బోరింగు నీళ్లు తానే కొట్టుకుని తాగుతున్నాడు. మళ్లీ గోడవైపు తిరగడం మొదలైంది. బాపును ఇంకా చూస్తున్నాడు, కానీ ఎన్నాళ్లు చూస్తాడో తెలియదు. మళ్లీ ఆయన్ని ఆ సొప్ప కిందికి తోసేస్తాడేమోనని బాపుకు భయం. పొద్దున లేవగానే అన్న ఎదురుగా పోయి దగ్గుతున్నాడు.

ఒకసారి సినిమాను నమ్మి తప్పు చేశాను. ఈసారి మందును నమ్మి తప్పు చేసినట్టున్నాను. ఇంకేం చేయాలి?

భూమిక


కామారెడ్డి
17 అక్టోబర్ 2011

భూమీ,

కోపం లేదు. ఆ ఉత్తరం వేశాక పోస్టు డబ్బా దగ్గర చాలాసేపు నిలబడ్డాను, తిరిగి తీసుకునే దారేమైనా ఉందా అని. ఇప్పుడు రాసినందుకు తేలికగా ఉంది. ఎందుకో అడగకు.

అమ్మ కూడా నాకు చారులో కలిపింది. తెలిసిన రోజు మంచినీళ్లు కూడా పక్కింట్లో తాగాను. గోలీ చేదు పోయేదే. అమ్మ చేతి మీద అనుమానం మాత్రం చాన్నాళ్లు పోలేదు.

గోలీ ఎందుకు వద్దంటున్నావని నన్ను ఎవరూ అడగలేదు. పిచ్చి కాబట్టి వద్దంటోంది అనుకున్నారు. నాకు పొద్దున లేవడం కష్టమయ్యేది, అంతే. రెండేళ్ల తర్వాత డాక్టర్‌కు చెబితే వేళ మార్చాడు, సరిపోయింది. మీ అన్న కారణం వేరే కావచ్చు. నాకు తెలియదు. నీకూ తెలియదు. అతన్నే అడుగు. ముందు పప్పు సంగతి ఒప్పుకుని, తర్వాత అడుగు.

తార


తండా
6 నవంబర్ 2011

తారా,

అడిగాను.

అన్న సీతాఫలం చెట్టు కింద ఉన్నాడు. పోయి పక్కన కూర్చున్నాను. "పప్పుల గోలీ కలిపింది నేనే అన్నా. తప్పయింది. ఇంక కలప" అన్నాను. ఒక పండు విప్పి సగం నాకిచ్చాడు. అప్పుడు అడిగాను, గోలీ ఎందుకు వద్దని.

"ఏస్కుంటే రూప్లా మాట్లాడతలేడు" అన్నాడు.

"మాట్లాడకుంటే మంచిదే కదా" అనబోయాను. ఎందుకో ఆగాను.

"రోజుకింత తగ్గిండు చెల్లే. ముందు మాట దూరమైంది. మల్ల గొణుగుడే మిగిలింది. ఒకనాడు అదిగూడ లేదు. అంటే ఏంది? వాడు సచ్చిండన్నట్టే గద. రోజూ నా చేత్తో నేనే వాన్ని సంపుతున్నట్టు అయితుంది."

తారా, మన సినిమాల్లో మతి తిరిగొస్తే పోయినవాళ్లందరూ దొరుకుతారు, అమ్మ దొరుకుతుంది, అందరూ వాటేసుకుంటారు. మా అన్నకు మతి తిరిగొస్తే ఒక మనిషి పోతాడు. ఇది నేను ఎక్కడా చూడలేదు. ఇప్పుడు గోలీ వేసుకోమని చెప్పాలా, వద్దని చెప్పాలా? వద్దంటే ఇంకొన్నాళ్లకు బాపు కూడా గోడలోకి పోతాడు. అది అన్నకే చెప్పాను. "నువ్వు ఆపితే బాపు మళ్ల సస్తడన్నా" అన్నాను. అతను తల వంచుకున్నాడు.

తర్వాత తానే లేచాడు. "జమ్లి అవ్వకు నేనింకా చెప్పలే" అన్నాడు. ఏం చెప్పలేదో నాకు అర్థం కాలేదు. వెనకాలే పోయాను.

జమ్లి అవ్వ వాకిట్లో కందులు చెరుగుతోంది. ట్రాలీ రోజునుంచి ఆమె మా ఇంటి గడప తొక్కలేదు, మేమూ ఆమె గడప తొక్కలేదు. అన్నను చూసి చేట కింద పెట్టింది. అన్న ఆమెకు ఎదురుగా మట్టిలో కూర్చున్నాడు.

"అవ్వా, ట్రాలీ మీదున్నప్పుడు వాని చెప్పు జారి రోడ్డు మీద పడ్డది. 'ఆపుమను, నా చెప్పు పోయింది' అన్నడు. నేను నవ్విన. డ్రైవర్‌కు చెప్పలే. వాడు వంగి ఎనుకకు సూస్తున్నడు. గంతల్నే ట్రాలీ పడ్డది."

ఆమె అడిగింది: "ఏ చెప్పు? కొత్తదా?"

"ఆ, కొత్తదే. సంతల కొన్నడు. నీకు సూపిస్త అని ఒక్కనాడు గూడ బురదల ఏస్కోలే."

జమ్లి అవ్వ నవ్వింది. నిజంగానే నవ్వింది. "చెప్పులంటే పానం వానికి. చిన్నప్పుడు గూడ నెత్తి కింద పెట్టుకోని పండేటోడు" అంది. నవ్వు మధ్యలోనే ఏడుపు అయింది. అన్న కూడా ఏడ్చాడు. ఫిబ్రవరినుంచి అతను ఏడవడం అదే మొదటిసారి. కేక లేదు, కింద పడలేదు. ముక్కు చీదుకుంటూ, అంగీ చేతితో తుడుచుకుంటూ, మాటల మధ్యమధ్య ఏడ్చాడు. జమ్లి అవ్వ ఇంకా ఇంకా అడిగింది. ఆ పొద్దున ఏం తిన్నాడు, ఎవరితో కొట్లాడాడు, ఏం పాట పాడాడు. అన్న అన్నీ చెప్పాడు. ఆమె రొట్టె పెట్టింది. అన్న తిన్నాడు. మొత్తం తానే తిన్నాడు, సగం పక్కన పెట్టలేదు. ఒకరు వండింది తిని అప్పటికి ఇరవై ఎనిమిది రోజులు.

ఇది కోలుకోవడమేనా తారా? ఇంటికి వచ్చాక ముందుకన్నా దిగులుగా ఉన్నాడు. గోడవైపు తిరగలేదు, కానీ మావైపు కూడా తిరగలేదు. ముంగిట్లో కూర్చుని తండా చివరి దాకా చూస్తున్నాడు. యాడి నన్ను అడుగుతోంది, బాగైండా, ఇంకింత పాడైండా అని. తెలియదు యాడీ అన్నాను. ఈసారి చెప్పగలిగాను.

పొద్దు వంగే వేళకు అన్న నన్ను పిలిచాడు.

"చెల్లే, గోలీ ఏస్కుంటే రేపు గూడ వాడు సచ్చిపోయే ఉంటడా?"

"ఉంటడన్నా."

"ఎల్లుండి?"

"ఎల్లుండి గూడ."

అన్న చెయ్యి చాపాడు. నేను గోలీని దంచకుండా, దాచకుండా, అతనికి కనబడేటట్టు అరచేతిలో పెట్టాను.

భూమిక